టోపీ మీద ఓడ పేరు: నేవీలో ఎవరు పెట్టుకోవాలి, ఎప్పుడు తీయాలి

అమెరికా నేవీలో నావికుడు పొద్దున్నే ఓడ ఎక్కేటప్పుడు తలమీద ఉండి తీరాల్సిన టోపీ, మధ్యాహ్నం భోజనాల డెక్‌లోకి రాగానే చేతిలోకి వచ్చేయాలి. ఫ్లైట్ డెక్ మీద విమానాలు లేస్తున్న వేళ అదే టోపీతో కనిపిస్తే గట్టిగా కేకలు పడతాయి. పరాయి రేవులో మామూలు బట్టలేసుకుని ఊళ్లోకి వెళ్లే సాయంత్రం దాన్ని ఓడలోనే వదిలి వెళ్లమంటారు. ఎప్పుడో రిటైరైన పెద్దాయన మాత్రం కూరగాయల దుకాణానికి కూడా దాన్నే పెట్టుకుని వెళ్తాడు, ఎవరూ ఏమీ అనరు.

టోపీ ఒక్కటే. ముదురు నీలం గుడ్డ, ముందు ఓడ పేరు, దాని కింద ఓడ నంబరు. దీన్నే అక్కడ కమాండ్ బాల్ క్యాప్ అంటారు. బయటినుంచి చూస్తే దీని చుట్టూ ఉన్న నియమాలు వట్టి చాదస్తంలా అనిపిస్తాయి. కానీ వాటిలో చాలావాటికి వేరు ఒకచోటే ఉంది. టోపీ మీద పేరు చూసేవాళ్లకి రెండు సంగతులు చెబుతుంది: ఈ మనిషి ఎవరి మనిషి, ఆ ఓడ ఈ చుట్టుపక్కల ఎక్కడుంది. మొదటిదాన్ని గర్వంగా చాటాలని నేవీ కోరుకుంటుంది. రెండోదాన్ని దాచాలని కోరుకుంటుంది. ఒకే కుట్టు రెండూ చెప్పేస్తుంది కాబట్టే ఇన్ని షరతులు. ఈ ఒక్క ముడి తెలిస్తే మిగతా చిక్కంతా తేలిగ్గా విడిపోతుంది.

రిక్రూట్ నుంచి ఓడ పేరు దాకా

అమెరికా నేవీలో సిపాయిగా చేరే ప్రతి ఒక్కరూ ఇల్లినాయ్ రాష్ట్రంలోని గ్రేట్ లేక్స్ శిక్షణ కేంద్రం గుండానే వెళ్లాలి. అక్కడ ఇచ్చే బాల్ క్యాప్ మీద ‘రిక్రూట్’ అని ఉంటుంది. శిక్షణ చివర్లో బ్యాటిల్ స్టేషన్స్ అనే రాత్రంతా సాగే పరీక్ష పెడతారు. ఓ భవనంలోపల నీళ్లలో నిలబెట్టిన 210 అడుగుల నకలు డిస్ట్రాయర్ ఉంటుంది, దాని పేరు ట్రేయర్. మంటలు ఆర్పడం, గదుల్లోకి తోసుకొచ్చే నీటిని ఆపడం, దెబ్బ తగిలినవాళ్లని మోయడం అన్నీ అందులోనే చేయిస్తారు. అది దాటినవాళ్లు తెల్లవారాక ‘రిక్రూట్’ టోపీ తీసి ‘నేవీ’ అని రాసిన టోపీ పెట్టుకుంటారు. నేవీ మొత్తంలో టోపీ మారడం ఇంత పెద్ద విషయమయ్యే సందర్భం మరొకటి లేదు. గ్రాడ్యుయేషన్ పెరేడ్ తల్లిదండ్రుల కోసం జరిగేది. ఈ టోపీ మార్పు మాత్రం శిక్షణ పొందినవాళ్ల మధ్యే జరిగేది. కన్నీళ్లు ఎక్కువగా కనిపించేది కూడా ఇక్కడే.

తర్వాత ఓడకో, స్క్వాడ్రన్‌కో, ఒడ్డున ఉండే కార్యాలయానికో పోస్టింగ్ వస్తుంది. అప్పుడు ఆ యూనిట్ పేరున్న టోపీ పెట్టుకునే హక్కు వస్తుంది. బదిలీ అయితే పాత ఓడ టోపీ యూనిఫాంతో చెల్లదు, అది జ్ఞాపకంగా పెట్టెలోకి వెళ్తుంది. కొత్త టోపీ చేతికి వచ్చేదాకా మధ్యలో అక్కరకొచ్చేది ఆ ‘నేవీ’ టోపీయే. దాని మీద ఏ ఓడ పేరూ ఉండదు కాబట్టి ఎక్కడైనా సరిపోతుంది. దాన్ని పారేసుకోవద్దని సీనియర్లు చెప్పడానికి కారణం ఇదే.

ఇంకా కమిషన్ కాని, అంటే లాంఛనంగా నేవీ సేవలోకి చేరని ఓడ సంగతి వేరు. షిప్‌యార్డ్‌లో ఓడ తయారవుతుండగానే సిబ్బంది చేరడం మొదలవుతుంది. అప్పటికి దాని పేరు ముందు అమెరికా నేవీ ఓడ అని తెలిపే ‘యూఎస్ఎస్’ ఉండదు, ‘పీసీయూ’ ఉంటుంది, అంటే కమిషనింగ్‌కి ముందరి యూనిట్ అని. టోపీ మీద కూడా అదే కుట్టాలి. కమిషనింగ్ వేడుక రోజున ఆ మూడక్షరాలు మారతాయి. ఆ తొలి సిబ్బందిని ప్లాంక్ ఓనర్లు అంటారు. టోపీలు సేకరించేవాళ్లు పీసీయూ టోపీకి అంత విలువ కట్టడం సహజమే, అది ఆ కొద్ది నెలలు తప్ప మళ్లీ పుట్టదు. ముందుచూపు అనుకుని వేడుకకు నెలల ముందే ‘యూఎస్ఎస్’ అని కుట్టించేస్తుంటారు కొందరు. అది తప్పు. వేడుక జరిగేదాకా ఆ ఓడకి ఆ హోదా లేదు.

దేనితో పెట్టుకోవచ్చు, దేనితో కూడదు

బాల్ క్యాప్ పనిబట్టల టోపీ. ఓడలో వేసుకునే కవరాల్స్‌తో, ఆకుపచ్చ మచ్చల వర్కింగ్ యూనిఫాంతో, వ్యాయామం బట్టలతో చెల్లుతుంది. డ్రెస్ బ్లూస్, డ్రెస్ వైట్స్ లాంటి వేడుక యూనిఫాంలతో చెల్లదు. వాటికి అధికారులకీ చీఫ్‌లనే సీనియర్ నావికులకీ గుండ్రటి పైభాగం, నల్లటి పీక్ (కళ్లమీదికి ముందుకి వచ్చే రేకు) ఉన్న కాంబినేషన్ క్యాప్, నావికులకి ‘డిక్సీ కప్’ అని ముద్దుగా పిలిచే తెల్ల టోపీ ఉన్నాయి. వర్కింగ్ యూనిఫాంకి ఎనిమిది మూలల గుడ్డ టోపీ అసలు జోడీ. బాల్ క్యాప్ దానికి బదులు మాత్రమే. ఆ జోడీలో కూడా ఒక మార్పు జరిగింది. పాత నీలి మచ్చల వర్కింగ్ యూనిఫాంని తీసేస్తున్నట్టు 2016లో ప్రకటించి, 2019 అక్టోబర్ 1 నుంచి పూర్తిగా ఆపేశారు. ఇప్పుడు ఆకుపచ్చదే. ముదురు నీలం బాల్ క్యాప్ మాత్రం అలాగే నిలిచింది.

తలమీద ఎలా కూర్చోవాలన్నది ఒక్కో టోపీకి ఒక్కోలా కొలతతో రాసిపెట్టారు. బాల్ క్యాప్ కింది అంచు కనుబొమలకి సమాంతరంగా, వాటికి ఒకటిన్నర అంగుళం పైన ఉండాలి. తెల్ల టోపీ ముందంచు కనుబొమలకి అర అంగుళం పైన ఉండాలి, మధ్యలో నొక్కకూడదు, వంచకూడదు. మడతపెట్టే గారిసన్ టోపీ అయితే దాని మడత గీత రెండు కనుబొమల మధ్యకి రావాలి, కింది కొస వాటికి అంగుళం పైన ఆగాలి. ఒకటిన్నర అంగుళాన్ని రోజూ టేపుతో ఎవరూ కొలవరు. చూపుడువేలూ నడిమివేలూ కలిపి అడ్డంగా కనుబొమ మీద పెట్టి, వాటి పైన టోపీ అంచు ఆనేలా చూసుకుంటే దాదాపు సరిపోతుంది.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ముందుకి లాగి పెట్టుకోవడం. ఎండకి కళ్లు కప్పుకుంటుందని నుదుటి మీదికి దించుతారు. అప్పుడు వెనక భాగం పైకి లేస్తుంది, గాలికి మొదట అక్కడే పట్టు తప్పి టోపీ సముద్రంలో పడుతుంది. పక్కకి వాల్చడం, వెనక్కి తిప్పడం సంగతి చెప్పనక్కర్లేదు. సైజు బిగుతు చేసే వెనక పట్టీ కొస బయటికి వేలాడటాన్ని తనిఖీలో ముందుగా పడతారు, దాన్ని లోపలికి దోపుకోవాలి.

ముందు రేకు మీద బంగారు ఓక్ ఆకుల కుట్టు కనిపిస్తే ఆ టోపీ కమాండర్ హోదా, ఆ పై హోదా ఉన్నవాళ్లది. లెఫ్టినెంట్ కమాండర్ చిన్న ఓడకి నాయకత్వం వహిస్తున్నా సరే, ఆ ఆకులు అతనికి రావు. హోదాని బట్టే ఆకులు, పదవిని బట్టి కాదు. ఓడ కెప్టెన్ అనగానే ఆకులుంటాయనుకుని బహుమతిగా అలాంటి టోపీ కుట్టించి ఇచ్చి ఇబ్బందిపెట్టకండి, పాపం ఆయన పెట్టుకోలేడు.

తీయాల్సిన చోట్లు, ఉంచాల్సిన చోట్లు

మూల సూత్రం చిన్నదే. ఆరుబయట ఉన్నంతసేపూ టోపీ తలమీద ఉండాలి, కప్పు కిందికి రాగానే తీసేయాలి. ఆయుధం ధరించి కాపలా డ్యూటీలో ఉన్నవాడు మాత్రం లోపల కూడా తీయడు. టోపీ ఉన్నదంటే అతను డ్యూటీలో ఉన్నాడని గుర్తు.

ఓడ దగ్గరికి వచ్చేసరికి ఈ లోపలా బయటా లెక్క తడబడుతుంది. ఓడంతా ఇనుప గోడలే, మరి ఏది లోపల? అందుకే ఓడకి వేరే పద్ధతి పెట్టారు. ఓడ రేవులో ఉన్నప్పుడు డెక్ మీద టోపీ ఉండాలి. సముద్రంలోకి వెళ్లాక కమాండింగ్ ఆఫీసర్ ఫలానా డ్యూటీకో, వేడుకకో కావాలంటే తప్ప అక్కర్లేదు. రేవులో ఓడని నలుగురూ చూస్తుంటారు, నడిసముద్రంలో చూసేవాళ్లు లేరు, పైగా గాలి ఉంది. భోజనాల డెక్‌లో, అధికారులు భోంచేసే వార్డ్‌రూమ్‌లో, ఓడలోని ఆస్పత్రి గదిలో ఎప్పుడైనా తీయాల్సిందే. భోజనాల డెక్ యుద్ధ సమయాల్లో గాయపడినవాళ్లకి చికిత్స చేసే చోటు, అక్కడ టోపీ తీయడం వాళ్లకి గౌరవం అని పాత నావికులు చెబుతారు. పుస్తకంలో ఏ కారణం రాసినా ఓడల్లో వాళ్లు నమ్మేది దాన్నే.

ఓడ ఎక్కేటప్పుడు టోపీకి పెద్ద పని ఉంది. మెట్ల చివరికి వచ్చాక వెనకవైపు ఎగిరే జెండాకి తిరిగి సెల్యూట్ చేయాలి. తర్వాత డ్యూటీ ఆఫీసర్‌కి సెల్యూట్ చేసి ఎక్కడానికి అనుమతి అడగాలి. అమెరికా నేవీలో టోపీ లేని తలతో సెల్యూట్ చేయరు. అక్కడి ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ పద్ధతి కొంత వేరు, అందుకే మూడు దళాలు కలిసి ఉండే కార్యాలయాల్లో కొత్తగా చేరిన నావికుడు తికమకపడతాడు. టోపీ మరిచిపోయి మెట్లెక్కినవాడు నిటారుగా నిలబడి జెండా వైపు తిరగాలి, చెయ్యి లేపకూడదు.

ప్రార్థన విషయంలో చాలామంది తలకిందులుగా అనుకుంటారు. మామూలు మతపరమైన ప్రార్థనకి టోపీ తీస్తారు. కానీ కమాండ్ మార్పిడి, ఓడ జలప్రవేశం, కమిషనింగ్, సైనిక అంత్యక్రియల లాంటి సైనిక వేడుకలో భాగంగా ప్రార్థన చదివితే టోపీ తలమీదే ఉంటుంది. ప్రార్థన చేయించే చాప్లిన్ మాత్రం తన మత సంప్రదాయం ఎలా చెబితే అలా చేస్తాడు. చాప్లిన్ టోపీ తీశాడని చూసి వెనక వరసల్లో ఇద్దరు ముగ్గురు తీసేయడం, పక్కవాళ్లు వాళ్లని చూసి గందరగోళపడటం ప్రతి వేడుకలోనూ జరిగేదే.

ఫ్లైట్ డెక్ మీద మర్యాదకి చోటు లేదు, ప్రాణానికే. జెట్ ఇంజన్ ముందుభాగం గాలిని పీల్చే బలానికి నట్టు, గుడ్డముక్క, టోపీ ఏదైనా లోపలికి వెళ్తుంది. లోపల తిరిగే బ్లేడు విరిగితే ఇంజన్ పోతుంది, ఆ క్షణంలో విమానం లేస్తుంటే పైలట్ కూడా పోవచ్చు. అందుకే విమానాలు నడిచే వేళ అక్కడ గుడ్డ టోపీలకి ప్రవేశం లేదు. చెవులకీ కళ్లకీ రక్షణ ఉన్న హెల్మెట్ గడ్డం కింద బిగించి ఉండాలి. టోపీ మడిచి వెనక జేబులో దోపుకోవడం కూడా ప్రమాదమే, అది జారిపడిందని అక్కడి గాలీ మోతా మధ్య ఎవరికీ తెలియదు.

పేరు దాచిన కాలం

బాల్ క్యాప్ రాకముందు ఓడ పేరు మోసింది రిబ్బన్. గుండ్రటి టోపీ చుట్టూ నల్ల పట్టు రిబ్బన్, దాని మీద బంగారు తీగతో నేసిన అక్షరాలు. బ్రిటిష్ నేవీలో దీన్ని క్యాప్ టాలీ అంటారు. అక్కడ నావికులకి మొదటిసారి అధికారిక యూనిఫాం నిర్ణయించింది 1857లో. అంతకుముందు ఓడ పేరు టోపీ మీద రంగుతో రాసుకునే అలవాటుండేది. ఇప్పటికీ పెటీ ఆఫీసర్ కంటే కింది హోదావాళ్లు టాలీ పెట్టుకుంటారు, ఆ పైవాళ్లకి పీక్ టోపీ.

రెండో ప్రపంచ యుద్ధం రాగానే ఈ టాలీల మీద ఓడల పేర్లు మాయమై, రాజుగారి ఓడ అని అర్థమిచ్చే ‘హెచ్.ఎం.ఎస్.’ అనే మూడక్షరాలే మిగిలాయి. అమెరికా నేవీ తన ఫ్లాట్ హ్యాట్ మీది ఓడ పేరుని 1941లో తీసేసి ‘యూ.ఎస్. నేవీ’ అని పెట్టింది. జర్మనీ 1938లోనే ఓడ పేర్ల బదులు అందరికీ ‘క్రీగ్స్‌మరీన్’ అని తన నేవీ పేరే ఒకే మాటగా ఇచ్చేసింది. ముగ్గురూ ఒకే నిర్ణయానికి రావడం వెనక లెక్క చాలా సూటిగా ఉంటుంది. రేవు పట్టణంలో టీ దుకాణం ముందు ఒకడు కూర్చుని వచ్చేపోయే టోపీల మీద పేర్లు చదివితే చాలు, ఏ ఓడ రేవులో ఉందో తెలిసిపోతుంది. నిన్న కనిపించిన పేరు ఇవాళ ఒక్క టోపీ మీదా కనిపించలేదంటే ఆ ఓడ రాత్రే బయల్దేరిందని కూడా తెలుస్తుంది. తాళం వేసిన కాగితాలేవీ తెరవక్కర్లేదు.

ఈ రోజుల్లో ఓడ ఎక్కడుందో ఉపగ్రహాలు చూస్తాయి కదా, ఇంకా టోపీ దాచడం దేనికి అని అడగొచ్చు. ఇప్పుడు భయం ఓడ గురించి తక్కువ, మనిషి గురించి ఎక్కువ. పరాయి ఊళ్లో ఒంటరిగా తిరిగే నావికుడి తలమీది పేరు అతను ఎవరో వంద గజాల దూరం నుంచి చెబుతుంది. దాడి చేయాలనుకున్నవాడికి వెతుక్కునే పని తప్పుతుంది. అందుకే విదేశీ రేవుల్లో సైన్యంతో సంబంధం తెలిపే టోపీలు, టీషర్టులు వేసుకోవద్దని అక్కడి కమాండర్లు ఆదేశాలు ఇస్తుంటారు. సొంత దేశంలో ఈ పట్టు సడలుతుంది. రేవుని బట్టి నియమం మారుతుంది కాబట్టి దిగే ముందు ఓడలో ఆ రోజుకి ఇచ్చిన ప్లాన్ కాగితంలో ఏం రాశారో చూసుకోవడం ఒక్కటే మార్గం, పోయిన రేవులో సరేనన్నారని ఇక్కడ కుదరదు.

టాలీ కట్టడం గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి, ఎందుకంటే అది చేతిపని. ముందుగా రిబ్బన్ మీది పేరుకి సరిగ్గా నడిమి అక్షరమేదో లెక్కపెట్టి వెనకవైపు సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తు ముక్కు సూటిగా టోపీ నడిమికి రావాలి. అక్కడ రెండు మూడు గుండుసూదులు గుచ్చి, రెండు కొసలనీ చుట్టూ సమంగా బిగించి ఎడమ చెవి మీదికి తెచ్చి బో ముడి వేయాలి. ముడి రెండు రెక్కలూ ఒకే పొడవుండాలి, పరుచుకున్నట్టు ఉండాలి. తర్వాత నల్లదారంతో కనబడకుండా నాలుగు కుట్లు వేయాలి. కొసలని చేప తోకలా కత్తిరిస్తే పోగులు లేవవు. పేరు నడిమికి రాకపోవడానికి అసలు కారణం కొలవడంలో ఉండదు, ముడి బిగించేటప్పుడు ఎడమవైపు లాగడంలో ఉంటుంది. ముడి వేసే చేయి లాగినకొద్దీ పేరు అటు జరుగుతుంది. ముందు గుండుసూదులు గుచ్చమనేది అందుకే.

కుట్టించేవాళ్లకి

ఓడలు ఈ టోపీలని బయటి ఎంబ్రాయిడరీ దుకాణాల్లో కుట్టిస్తాయి. మన విశాఖపట్నంలో నేవీ ఓడల టోపీలు కుట్టే పనివాళ్లకి ఈ బాధలన్నీ తెలుసు. బాల్ క్యాప్‌కి ఆరు పలకలుంటాయి. ముందు రెండింటి వెనక బక్రం అనే బిరుసు గుడ్డ ఉంటుంది, వాటి మధ్య నిలువు కుట్టు సరిగ్గా ఓడ క్రెస్ట్ (ఓడ చిహ్నం) రావాల్సిన చోటే వస్తుంది. ఆ కుట్టు దగ్గర గుడ్డ నాలుగైదు పొరల మందం. అక్కడే సూది విరుగుతుంది, దారం తెగుతుంది, అక్షరం వంకర పోతుంది.

దీనికి మందు డిజిటైజింగ్‌లో, అంటే బొమ్మని కుట్టు యంత్రానికి ఏ వరసలో కుట్టాలో చెప్పే ఫైలుగా మార్చడంలో ఉంది. డిజైన్‌ని చొక్కా మీద కుట్టినట్టు ఎడమనుంచి కుడికి కుట్టకూడదు. కిందినుంచి పైకి, నడిమినుంచి రెండు పక్కలకీ కుట్టుకుంటూ పోవాలి. అప్పుడు గుడ్డలో లేచే ముడత బయటికి తోసుకుపోతుంది. ఎడమనుంచి మొదలుపెడితే ముడతంతా నడిమి కుట్టు దగ్గర పోగై క్రెస్ట్ ఉబ్బుతుంది. నిలువు కుట్టు మీద ముందు పల్చటి అడుగుకుట్టు వేసి దాన్ని అణచాలి. ఎత్తు రెండుంపావు అంగుళాలు దాటితే పైభాగం టోపీ వంపులోకి వెళ్లి వాలిపోతుంది. కింది అంచుకి దాదాపు అర అంగుళం లోపల ఫ్రేమ్ అడ్డం వస్తుంది, అక్కడ సూది దిగదు.

అక్షరాల ఎత్తు ఐదు మిల్లీమీటర్లకి తగ్గితే సున్నా, ఆరు, ఎనిమిది, ఆర్ లాంటి వాటి లోపలి ఖాళీలు దారంతో పూడుకుపోతాయి. ఓడ నంబర్‌లో 68 ఉంటే దూరం నుంచి 88లా కనిపిస్తుంది. ఓడ నంబరు తప్పుగా చదివించే టోపీ కంటే సిగ్గుపడాల్సింది ఇంకోటి లేదు. క్రెస్ట్‌లోని చిన్న నినాదం ఆ ఎత్తులో కుట్టడం కుదరదు. దాన్ని వదిలేసి పేరు, బొమ్మ, నంబరు మూడే పెద్దగా కుట్టడం మంచిది. బంగారు రంగుకి లోహపు దారం వాడాలనిపిస్తుంది కానీ యంత్రం వేగానికి అది మాటిమాటికీ తెగుతుంది, పసుపుబంగారు పాలియెస్టర్ దారం ఎండకీ ఉప్పుగాలికీ ఎక్కువ నిలుస్తుంది.

ఉతకడం గురించి కూడా. నీలం టోపీ మీద నుదుటి దగ్గర తెల్లటి చారలు చెమట ఉప్పువి. వాషింగ్ మెషీన్‌లో వేస్తే బక్రం మెత్తబడి ముందుభాగం కూలిపోతుంది, డ్రైయర్ వేడికి రేకులోని ప్లాస్టిక్ వంకరపోతుంది. చన్నీళ్లలో కొంచెం సబ్బు వేసి, లోపలి చెమటపట్టీని మెత్తని బ్రష్‌తో రుద్ది, పిండకుండా బోర్లించిన గిన్నె మీద తొడిగి నీడన ఆరబెట్టాలి.

విశాఖలో, అమెరికాలో మనవాళ్లకి

మన నేవీ ఓడలకీ తమ క్రెస్ట్ ఉన్న నీలం బాల్ క్యాప్‌లు ఉన్నాయి, పనిబట్టల్లో పెట్టుకుంటారు, అతిథులకి జ్ఞాపికగా ఇస్తారు. 2021 నవంబర్‌లో కమిషన్ అయిన ఐఎన్ఎస్ విశాఖపట్నం క్రెస్ట్‌లో డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్, కృష్ణజింక కనిపిస్తాయి. అయితే ‘ఐఎన్ఎస్’ అని చదవగానే ఓడ అనుకోకూడదు. బ్రిటిష్ సంప్రదాయం నుంచి వచ్చిన అలవాటు వల్ల ఒడ్డున ఉన్న స్థావరాలకీ ఓడ పేరే పెడతారు. విశాఖలోని ఐఎన్ఎస్ సర్కార్స్, ఐఎన్ఎస్ కళింగ, విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా, సబ్‌మెరైన్ శిక్షణ ఇచ్చే ఐఎన్ఎస్ శాతవాహన నేల మీదే ఉంటాయి. ఆ టోపీ పెట్టుకున్నాయన్ని ‘మీ ఓడ ఎప్పుడు బయల్దేరుతుంది సార్’ అని అడిగితే నవ్వుతాడు.

విశాఖ, కాకినాడ తీరంలో 2019 నుంచి భారత, అమెరికా దళాలు కలిసి చేస్తున్న టైగర్ ట్రయంఫ్ లాంటి విన్యాసాల్లో టోపీలు ఇచ్చిపుచ్చుకోవడం మామూలే. అలా వచ్చిన టోపీ బహుమతి, యూనిఫాంలో భాగం కాదు. దాన్ని షెల్ఫ్ మీద పెట్టుకోవాలి, డ్యూటీకి పెట్టుకుని రాకూడదు.

నేవీతో సంబంధం లేనివాళ్లు ఇలాంటి టోపీ పెట్టుకోవచ్చా అన్నది అందరూ అడిగే ప్రశ్న. దుకాణంలో కొన్న ‘ఇండియన్ నేవీ’ టోపీతో బీచ్‌లో తిరగడం ఒకటి, సైనికుడినని నమ్మించడానికి వాడటం మరొకటి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ ప్రకారం, సైనికుడు, నావికుడు, వాయుసైనికుడు కానివాడు అలాగని నమ్మించే ఉద్దేశంతో వాళ్ల దుస్తుల్ని పోలినవి వేసుకున్నా, గుర్తుల్ని పోలినవి పెట్టుకున్నా మూడు నెలల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇక్కడ కీలకం ఉద్దేశం. టోల్‌గేట్ దగ్గర నేవీ టోపీ చూపించి వదిలేయమనడం, అద్దె ఇల్లు కోసం ఆ టోపీ పెట్టుకుని నేవీ ఆఫీసర్‌నని చెప్పుకోవడం ఆ గీత దాటినట్టే.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లలో పిల్లలు నేవీలో చేరినవాళ్లు గ్రేట్ లేక్స్ గ్రాడ్యుయేషన్‌కో, ఓడ తిరిగొచ్చే రోజున రేవుకో వెళ్తుంటారు. పిల్లల ఓడ పేరున్న టోపీలు అమ్మానాన్నలు, అమ్మమ్మా తాతయ్యలు పెట్టుకోవడం అక్కడ అందరూ ఇష్టపడే అలవాటు. జాతీయ గీతం మొదలైనప్పుడు మాత్రం అక్కడి చట్టంలో రాసిన పద్ధతి ఉంది. యూనిఫాంలో లేని మగవాళ్లు కుడిచేత్తో టోపీ తీసి ఎడమ భుజం దగ్గర పట్టుకోవాలి, అప్పుడు ఆ చేయి గుండె మీదికి వస్తుంది. యూనిఫాంలో ఉన్నవాళ్లు మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా సెల్యూట్‌లో ఉంటారు, టోపీ తీయరు. మాజీ సైనికులు మామూలు బట్టల్లో ఉన్నా సెల్యూట్ చేయవచ్చని 2008లో సవరణ తెచ్చారు. కాబట్టి ఒకే వరసలో పక్కపక్కన నిలబడిన కొడుకు టోపీతో సెల్యూట్ చేస్తుంటే, తండ్రి టోపీ తీసి గుండెకి ఆనించుకుని ఉండటం ఇద్దరి విషయంలోనూ సరైనదే. కొడుకుని చూసి తండ్రి టోపీ మళ్లీ పెట్టేసుకోనక్కర్లేదు.